యారాలికిచ్చిన గోలీ

"అక్కా, ఒక మాట చెప్తె నవ్వద్దు," అన్నది వందన, ఉల్లిగడ్డలు కోసుకుంటనే. "రెండు దినాల సంది దొడ్డికి నల్లగ అవుతుంది. తారు లెక్క. మొన్న అల్లనేరేడు పండ్లు తిన్న, గందుకేనంటవా?"

బియ్యం కడుగుతున్న రజని చెయ్యి నీళ్లల్లనే ఆగిపోయింది.

ఆ దినం వాళ్ల ఆడబిడ్డ శ్రీలతకు పుట్టిన కొడుకుకు ఇర్వయ్యొక్కటో దినం, తొట్టెల పండుగ. కోరుట్లల ఆ ఇంటి ముందట షామియానా ఏసిండ్రు. ఎల్లంతకుంట నుంచి శ్రీలత అత్తగారోళ్లు బండ్లు కట్టుకొని బయల్దేరిండ్రని ఫోనొచ్చింది. వంట మనిషిని పెడ్దామని రజని అంటే అత్త రాజమణి, "ఇద్దరు కోడండ్లను పెట్టుకొని బయటోళ్లతోని వండిపిస్తె నలుగురు నవ్వరా?" అన్నది. గందుకే యారాండ్లిద్దరూ కోడి కూయకముందే లేచి పొయ్యిల కాడ కూసున్నరు.

నల్లగ అయితే ఏందో రజనికి తెలుసు. రెండేండ్ల కింద ఆమె కడుపుల పుండయితే జగిత్యాలల డాక్టరమ్మ నోట్లకెళ్లి గొట్టం ఏసి చూసి, రెండు నెలలకు గ్యాస్ గోలీలు రాసింది. "నల్లగ పోయినా, నెత్తురు కక్కినా ఒక్క పూట ఆగద్దు, వెంటనే రావాలె" అని ఏలు చూపించి మరీ చెప్పింది. ఆ మాట ఇప్పుడు రజని చెవులల్ల గంట కొట్టినట్టు మోగింది. కానీ ఆ గంట మోగుతుండంగనే ఆమె కండ్లు పొయ్యి మీది అన్నం గంజు దిక్కు పోయినయ్. బియ్యం ఇంక ఎసట్ల పడలే, మటన్ కడగలే, పూరీలకు పిండి కలపలే. ఇప్పుడు వందన దావఖానకు పోతె ఇదంత ఎవరు చేస్తరు? తనే. ఒక్కతే. "పెద్ద కోడలు, గీ మాత్రం సంబాళించలేకపాయె" అన్న మాట కూడా తనకే. అంత లెక్క మనసుల ఒక్క గడియల అయిపోయింది.

"పండ్లకే అయి ఉంటది," అన్నది రజని. "ఈ పని కానియ్యి. రేపు చూద్దాం తియ్."

వందన తలకాయ ఊపి మల్ల కత్తిపీట ముందట వంగింది.

పగటి బంతి కూసున్నంక వందన పప్పు బకీటు పట్టుకొని పందిట్లకు వచ్చింది. నాలుగు విస్తర్లు దాటిందో లేదో మొహం సున్నం కొట్టినట్టయింది. బకీటు కింద పెట్టి, గోడ పట్టుకొని కక్కింది. ముందుగాల కాఫీ పొడి లెక్క, వెనుక ఎర్రగ. "అయ్యో, నెత్తురు!" అని ఎవరో ఒర్లిండ్రు. వందన మొగుడు సతీశ్ ఉరికొచ్చి ఆమెను కారుల పండవెట్టిండు. చేతులు కడుక్కోకుండనే రజని ఎక్కి, వందన తలకాయను ఒళ్లె పెట్టుకుంది.

జగిత్యాల దాకా రజని వందన నొసలు నిమురుకుంటనే పోయింది. ఒళ్లె ఉన్న ఆ నెత్తి ఎంత చల్లగున్నదో అంత భయమయింది. గీ పిల్లకు గ్యాస్ గోలీ అలవాటు చేసింది తనే కదా. పొద్దంత చాట ముందటేసుకొని బీడీలు చేసుడు, నడుమ వంట, ఉతుకుడు, తోముడు. వందనకు మెడ, నడుము పట్టుకునేటియి. నొప్పి గోలీ తెచ్చుకునేది, సగం దినాలు ఖాళి కడుపుతోనే మింగేది. ఛాతిల మంటని చెప్తె, "నాకు పనిజేసింది, ఏసుకో" అని రజని తను ఇంకా షాపుల కొనుక్కొని మింగుతున్న స్ట్రిప్పుల నుంచి తెంపి ఇచ్చింది. మంట తగ్గింది. మంట తగ్గిందని నొప్పి గోలీలు ఇంకింత ధైర్యంగ ఏసుకుంది వందన. దావఖానకు పోదామని ఇద్దరికీ అనిపించలేదని కాదు. పోవాలంటే అడగాలె. "గ్యాస్ కు గూడ దావఖాననా?" అని సతీశ్ నవ్విండు. "మేం బాలింతలం ఉండంగనే నాట్లేసినం, మాకు లేని గ్యాస్ మీకేడికెళ్లొచ్చె" అన్నది అత్త. దుబాయిల ఉన్న రజని మొగుడు వేణుతోని రజని దావఖాన మాట ఎత్తితె, "మల్లనా?" అనేటోడు, గంతే. ఆ ఒక్క మాటకు రజనికి మల్ల అడుగుతందుకు నెల దినాలు నోరు రాకపోయేది. అడిగి అనిపించుకునే కంటె ఒకరి గోలీ ఒకరు మింగుడు అలకగ ఉండేది. ఇంట్ల ఎవ్వలికీ తకలీబు కాకుండ ఇద్దరూ ఒకరి నొప్పి ఒకరు దాచిపెట్టిండ్రు.

దావఖానల నెత్తురెక్కిచ్చి, గొట్టం ఏసి, నెత్తురు కారుతున్న పుండును ఆపిండ్రు. వందన కండ్లు తెరిచినంక డాక్టరమ్మ వచ్చి, ఏం గోలీలు వాడుతదని అడిగింది.

"నాకు తెల్వదు మేడం," అన్నడు సతీశ్.

రజనే అన్నీ చెప్పింది. తన గోలీ ఇచ్చుడు కూడా చెప్పింది.

"గ్యాస్ గోలీ చెడ్డది కాదు," అన్నది డాక్టరమ్మ. "మంట ఎందుకొస్తుందో చూపించుకోకుండ ఏసుకునుడు తప్పు. పైన మంట తగ్గింది, లోపట నొప్పి గోలీలు పుండు చేసుకుంటనే పోయినయ్. ఒకరికి రాసింది ఇంకొకరికి పనికొస్తదని ఎవరు చెప్పిండ్రు?" మల్ల రజని దిక్కు తిరిగి, "నువ్వు ఇంక వాడుతనే ఉన్నవా? నేను రాసింది రెండు నెలలకే కద. నీ అంతట నువ్వు బంద్ చెయ్యకు గానీ, రేపు ఓపీకి రా, చూస్త," అన్నది. ఆ తర్వాత వందనను అడిగింది. "నల్లగ ఎప్పటి సంది అవుతుంది?"

"రెండు దినాల సంది."

"ఎవ్వలికన్న చెప్పినవా?"

వందన కండ్లు రజని మొహం మీదికొచ్చి ఆగినయ్.

"చెప్పలే మేడం."

"నోరు లేదా నీకు?" అని సతీశ్ గయ్యిమన్నడు.

రజని నోరు తెరువలే. ఆ తర్వాత వచ్చిన ప్రతి ఫోన్ల అదే మాట ఇనబడ్డది. "చెప్పకపోతె ఎవరికి తెలుస్తది?" "మొండిది, మొదటి సందే గంతే." "ఇంటి మీద శుభకార్యం పెట్టుకొని గిట్ల చేసె." వందన కండ్లు మూసుకొని అన్నీ వింటనే ఉంది. ఒక్కొక్క మాట వందనకు తాకుతుంటే రజని ఆమె మీది దుప్పటి సదురుకుంట కూసుంది.

తెల్లారి సతీశ్ చాయకు పోయినప్పుడు రజని మంచం పట్టె మీద కూసుంది.

"ఎందుకు అబద్ధం చెప్పినవ్ వందనా?"

"నిజం చెప్తె ఇంట్లోళ్లు నిన్ను బతకనిస్తుండిరా అక్కా?"

"నాకు తెలిసి కూడా ఊకున్న. నల్లగ అయితే ఏందో నాకు తెలుసు."

"నాకు అప్పుడే సమజైంది," అన్నది వందన మెల్లగ. "నువ్వు నా దిక్కు చూడలే, గంజు దిక్కు చూసినవ్. నీ జాగల నేనున్నా అట్లనే చూద్దును."

తిట్టినా బాగుండేది. ఆ మాటల కోపం లేదు, గందుకే రజనికి తట్టుకోరాలేదు. ఒకతి ప్రాణం కంటె ముందుగాల వంట గుర్తుకొచ్చేటట్టు తను ఎప్పుడు అయింది? ఎవరు చేసిండ్రు గట్ల? ఎవరు చేసినా, "రేపు చూద్దాం" అన్న నోరు తనదే. ఆ తప్పు ఇంకొకరి నెత్తికి రుద్దబుద్ధి కాలే.

సతీశ్ చాయ పట్టుకొని లోపటికి వస్తుంటే ఫోన్ మోగింది. అత్త.

"ఏమే రజనీ, దానికి నయమైంది కద, సతీశ్ ఉన్నడు కద ఆడ. నువ్వు వచ్చెయ్. శ్రీలత అత్తగారోళ్లు ఇంక పోలే. నిన్నటి బోళ్లు అట్లనే పడి ఉన్నయ్. అది నోరు మూసుకొని మనకు తెచ్చిపెట్టిన తిప్పలు చూడు."

రజని లేచి నిలబడ్డది.

"వందన నోరు మూసుకోలే అత్తమ్మా. నిన్న పొద్దుగాలనే నాకు చెప్పింది. వంట ఆగిపోతదని నేనే ఊకోవెట్టిన."

తలుపుల కాడ సతీశ్ చాయ గిలాసలు పట్టుకొని అట్లనే నిలబడ్డడు. అతని కండ్లల్లకు సూటిగ చూసుకుంటనే రజని ఫోన్ల మిగిలిన మాట చెప్పింది.

"నేను రాను అత్తమ్మా. నేను గూడ ఇయ్యాల చూపించుకోవాలె. సతీశ్ వస్తుండు. బోళ్లు ఆయనతోని తోమిపియ్యి."