నలభై ఒకటో వరుస

ప్రెస్సులో ప్రూఫులు దిద్దే ఆవిడకి ఇరవై ఏళ్లుగా భర్తే తోడు. ఆయన మూలప్రతి పైకి చదివేవాడు, ఈవిడ ప్రూఫులో సరిచూసేది. ఆయన పోయిన రెండు నెలలకి లెక్కల లెక్చరరు పుస్తకం అచ్చుకి వచ్చింది. అందులో రెండు పేజీల నిండా ఒకే ఒక్క ప్రధాన సంఖ్య. మూడు వేల అంకెలు, యాభై వరుసలు.

"ఒక్కదానివే ఎలా చూస్తావమ్మా? ఎవర్నైనా కూర్చోబెట్టనా?" అన్నాడు మేనేజరు.

"వద్దులెండి," అంది. ఆ కుర్చీలో ఇంకొకరిని చూడటానికి మనసొప్పలేదు.

రెండో వరుసకి వచ్చేసరికి పక్కనుంచి గొంతు వినిపించింది. అంకెల్ని జోలపాటలా సాగదీసే గొంతు. తల తిప్పితే ఖాళీ కుర్చీ. తల దించితే మళ్లీ మొదలు. ఆ గొంతు వెంటే దిద్దుకుపోయింది.

నలభై ఒకటో వరుసలో గొంతు "ఎనిమిది" అంది. ప్రూఫులో మూడు. మూలప్రతిలోనూ మూడే. ముందుకెళ్లబోయింది.

"ఎనిమిదీ!" ఈసారి విసుగ్గా. బతికున్నప్పుడూ అంతే, రెండోసారి చెప్పాల్సొస్తే చిర్రెత్తేది.

అంకె తప్పు పడిందని కబురందుకుని వచ్చిన లెక్చరరు మొదట నవ్వాడు. సరే చూద్దామని అంకెలన్నీ కూడుతూ కూర్చున్నాడు. రెండు గంటల తర్వాత కలం బల్లమీద పడేశాడు.

"మొత్తాన్ని మూడుతో భాగిస్తే శేషం లేదమ్మా! అంటే ఈ సంఖ్య కూడా మూడుతో తెగిపోతుంది. ఇంకేం ప్రధాన సంఖ్య, నా మొహం!"

ఇంటికి పరుగెత్తి, వెలిసిపోయిన కంప్యూటరు కాగితం తెచ్చాడు. అక్కడ ఎనిమిదే ఉంది. మూలప్రతి కొట్టిన టైపిస్టు పొరబడ్డాడు.

"ఇంతకీ పట్టుకున్నదెవరు?"

"మా ఆయన."

సంగతి తెలియని లెక్చరరు, "నా మాటగా థాంక్స్ చెప్పండి," అన్నాడు.

"చెప్తాను," అంది ఆవిడ. ఆయన గుమ్మం దాటుతుంటే ఉండబట్టలేక అడిగింది. "దీనికన్నా పెద్దవి ఉంటాయాండీ?"

"ఎందుకుండవూ? వీటికి అంతే లేదు. ఎంత పెద్దది పట్టుకున్నా దాని పైన ఇంకోటి ఉండి తీరుతుంది."

ఆ సాయంత్రం ఇంట్లో గిన్నెలు కడుగుతుంటే ముందు గదిలోంచి అంకెలు మొదలయ్యాయి. చెవి ఒగ్గి విన్నది. ఆ యాభై వరుసల్లోవి కావు. కొత్తవి.

"ఏమండీ, ఇది ఎంతవరకూ?" అంది మెల్లగా.

గొంతు ఆగలేదు. ఆవిడ కుళాయి కట్టేసి, తడిచేత్తోనే పెన్సిలు వెతుక్కుంది.