గౌలిపుర పాల గ్రాఫు

తెర మీద గీతను వేలితో తాకగానే గౌలిపుర పాల సంఘం గుట్టు బయటపడింది.

ఆ వేలు సంఘం అధ్యక్షుడు బాలనర్సింహది. అరవైకి దగ్గర పడుతున్న మనిషి. మీసం గట్టిది, గొంతు అంతకన్నా గట్టిది. సంఘానికి వెబ్‌సైటు కావాలని పట్టుబట్టింది ఆయనే. దానికి కారణం పాలు కాదు, నగరంలో ఇంకో మూలనున్న కార్వాన్ బస్తీ. కార్వాన్ పాలవాళ్ళ సైట్లో ఒక గుండ్రటి బొమ్మ ఉందట. వేలు పెడితే ముక్కలుగా విడిపోయి, గుండ్రంగా తిరిగి, మళ్ళీ అతుక్కుంటుందట.

"ఆళ్ళది తిరుగుతదంట బిడ్డా. మనది ఎగరాలె" అన్నాడు యశోదతో.

యశోద ఆయనకు వరసకు కోడలు. ఎక్కడో ఉన్న కంపెనీలకు గ్రాఫులు గీసి పెట్టడం ఆమె ఉద్యోగం. ఇంటి మేడ మీది గదిలో కూర్చుని, ఎన్నడూ చూడని ఊళ్ళలో ఎన్ని సబ్బులు అమ్ముడుపోయాయో రంగు రంగుల గీతల్లో చూపిస్తుంది. కాబట్టి సంఘం సైటు పని ఆమె నెత్తిన పడింది.

నెల రోజులు పట్టింది. పని కష్టమై కాదు, అధ్యక్షుడి సలహాల వల్ల. గీత ఎక్కడ కిందికి దిగినా ఆయన ముఖం దిగిపోయేది.

"ఎండలకు పాలు తగ్గుతయి బాపూ."

"పాలు తగ్గనీ. గీత ఎందుకు తగ్గాలె?"

ఇక సైటు తెరవగానే సగం తెర నిండా కనిపించేది ఆయన దున్నపోతు సుల్తాన్. సదర్ పండుగనాడు మెడలో పూలదండలతో ఊరేగే దున్న అది. దాని కొమ్ము మీద వేలు పెడితే కొమ్ము పొడవు వస్తుంది. వీపు మీద పెడితే బరువు. పొట్ట మీద పెడితే రోజువారీ మేత: ఆపిల్ పళ్ళు రెండు డజన్లు, బాదం కిలో, పాలు ఇరవై లీటర్లు. పాల సంఘం సైట్లో పాలిచ్చే బర్రె బొమ్మ ఒక్కటీ లేదని యశోద అంటే, "బర్రెను ఎవడు చూస్తడు బిడ్డా?" అన్నాడు.

కానీ ఆ శుక్రవారం పొద్దున సంఘం ఆఫీసులో నవ్వులాటకు చోటు లేదు. ఒక పెద్ద ఆస్పత్రి తన మూడు క్యాంటీన్లకు రోజూ పాలు కావాలంది. కొనుగోళ్ళ అధికారి విమలాదేవి సాయంత్రం నాలుగింటికి వస్తానంది. ఆమె పెట్టిన షరతు ఒక్కటే. ఏ రోజుకారోజు ఎన్ని పాలు పిండారో, ఎన్ని అమ్మారో సైట్లో పక్కపక్కన కనపడాలి.

ఆ ఒప్పందం కుదరకపోతే సంఘం ఏమవుతుందో గానీ, యశోద అత్త కొమురమ్మ బర్రెల కొట్టం మాత్రం ఖాళీ అయిపోతుంది. ప్యాకెట్ పాలు వచ్చాక రోజూ పాలు పోయించుకునే ఇళ్ళు ఒక్కొక్కటే తగ్గిపోయాయి. నాలుగు బర్రెలనూ అమ్మేయడానికి ముసలమ్మ మాట ఇచ్చేసింది. బర్రెల దలాల్ ఆదివారం పొద్దున తాళ్ళు పట్టుకుని వస్తాడు. మధ్యలో ఉన్నది ఒక్క శనివారం.

"సురూ చెయ్ బిడ్డా" అన్నాడు బాలనర్సింహ.

యశోద ల్యాప్‌టాప్ తిప్పింది. తెర మీద రెండు గీతలు. నీలం గీత పిండినవి, ఆకుపచ్చ గీత అమ్మినవి. బాలనర్సింహ చొక్కా అంచుకు వేలు తుడుచుకుని, గురువారం మీద పెట్టాడు. టక్కున చిన్న డబ్బా లేచింది.

పిండినవి: 410 లీటర్లు. అమ్మినవి: 640 లీటర్లు.

బాలనర్సింహ వేలు తీసి మళ్ళీ పెట్టాడు. అవే అంకెలు.

"రెండు వందల ముప్పై ఎక్కువున్నయి" అంది యశోద నెమ్మదిగా. "బర్రెలు ఇయ్యని పాలు ఏడికెళ్ళి వచ్చినయి బాపూ?"

బాలనర్సింహ కిటికీ మూసి, గొంతు తగ్గించాడు. "నల్లాకెళ్ళి."

గోడకు ఆనుకుని కూర్చున్న వైకుంఠం దగ్గాడు. ముప్పై ఏళ్ళుగా ఇంటింటికీ తిరిగి కొలత గిన్నెతో పాలు కొలిచి క్యాన్లకు ఎత్తేది అతనే. అమ్మకం లెక్క అతనిది. ఎవరిల్లు ఎన్ని పోసిందో అతని కడుపులోనే ఉంటుంది, బయటికి వచ్చేది మొత్తం అంకె ఒక్కటే. పిండిన లెక్క మాత్రం యశోదది. రోజూ రెండు పూటలా ఇరవై ఆరు ఇళ్ళకూ ఫోన్ చేసి, ఆడవాళ్ళు చెప్పిన అంకెలు ఎక్కిస్తుంది.

"ఆ డబ్బా లేవకుండ చెయ్" అన్నాడు బాలనర్సింహ. "గీతలు ఉండనీ. వేలు పెడితే ఏం రావద్దు."

"వేలు పెడితే రావాలనే కద బాపూ నెల దినాలు నా పానం తిన్నవ్!"

"అయితే నీలం గీత తీసెయ్."

"మేడం ఆ రెండూ అడిగింది."

"అయితే నీళ్ళు కలిపినోళ్ళను పట్టుకో! నాలుగింటిదాంక టైముంది."

యశోద లేచింది. తన అంకెలు ఇంతవరకూ తప్పలేదు. ఎవరో తన గ్రాఫులో నీళ్ళు పోశారు. వాళ్ళెవరో తేలాల్సిందే. పాలలో నిలబెడితే నీళ్ళ గుట్టు చెప్పే గాజు గొట్టం ఒకటి ఆఫీసు బీరువాలో ఉంది. అది తీసుకుని, వైకుంఠాన్ని వెంటబెట్టుకుని గల్లీలోకి దిగింది.

మొదటి ఇల్లు. పొద్దుటి పాలు గిన్నెలో పోయించి గొట్టం వదిలింది. అది నిలబడాల్సిన గీత దగ్గరే నిలబడింది. చిక్కటి పాలు.

"మా ఇంట్ల నీళ్ళా?" ఆ ఇంటావిడ కొంగు దోపింది. "గా పక్కింట్ల చూడుపో. వాళ్ళ బర్రె కన్నా వాళ్ళ నల్లా ఎక్కువ ఇస్తది."

పక్కింట్లోనూ గొట్టం అక్కడే నిలబడింది. వాళ్ళు ఎదురింటిని చూపించారు. ఎదురింటివాళ్ళు మూలమలుపు ఇంటిని చూపించారు. ఇరవై ఐదు ఇళ్ళు తిరిగేసరికి గౌలిపురలో పాతికేళ్ళ లొల్లులన్నీ యశోద చెవిన పడ్డాయి గానీ, నీటి చుక్క దొరకలేదు. చివరింటివాళ్ళు వేలు చూపించింది మళ్ళీ మొదటి ఇంటికే.

"ఒక్క చుక్క లేదు వైకుంఠమన్నా" అంది నీరసంగా.

"ఉండదు. నేను కొలుస్తున్న గద, నాకు ఎర్కలేదా?"

"మరి ఆ రెండు వందల ముప్పై?"

వైకుంఠం బీడీ తీసి చెవి వెనక పెట్టుకున్నాడు. "ఇంకో ఇల్లు మిగిలింది" అన్నాడు.

మిగిలింది ఆమె ఇల్లే.

మూడు దాటింది. కొమురమ్మ కొట్టంలో పెద్ద బర్రె పొదుగు దగ్గర కూర్చుని ఉంది. డెబ్బై ఏళ్ళ చేతులు రెండూ ఆగకుండా కదులుతున్నాయి. బకెట్లో పాలు చుయ్ చుయ్‌మని పడుతున్నాయి. యశోద గుమ్మంలో నిలబడింది. ఆమెకు అప్పుడు తట్టింది, పాలు పిండే వేళకు తానెప్పుడూ మేడ మీద కంప్యూటర్ ముందే ఉంటుందని. 'ఎన్నత్తా?' అని కిటికీలోంచి అరుస్తుంది. కింది నుంచి అంకె వస్తుంది. ఎక్కిస్తుంది. అంతే.

ఎనిమిది లీటర్ల బకెట్ అంచులదాకా నిండింది. పైన నురుగు.

"ఎన్నత్తా?"

"నాలుగు రాయి" అంది కొమురమ్మ, వెనక్కి తిరగకుండానే.

"నాలుగా?"

ఆ గొంతు కిటికీలోంచి రాలేదని ముసలమ్మకు అప్పుడు తెలిసింది. గబుక్కున కొంగు తీసి బకెట్ మీద కప్పింది. "కిందికెందుకు వచ్చినవే? చూస్తే చూసినవ్ గానీ, థూ అను. మూడుసార్లు అను."

"అత్తా, అది ఎనిమిది!"

"ఒర్లకు! బర్రె ఇంటున్నది." కొమురమ్మ బర్రె డొక్క నిమిరింది. "ఉన్నన్ని ఉన్నట్టు నోటితోని చెప్తే దిష్టి తాకదా? రేపే పొదుగు ఎండుతది. మా అత్త చెప్పలే, నేను చెప్పలే. పావో సగమో దాచి చెప్పాలె, గంతే."

"గల్లీ మొత్తం గట్లనే చెప్తున్నరా?"

"మీ అధ్యక్షుని పెండ్లాం సత్తెమ్మ లేదూ? ఆమె బర్రె పన్నెండు ఇస్తది. ఆరంటది. ఎవలకు ఎర్కలేదు?"

"నాకు ఎర్కలేదు!" యశోదకు ఏడుపొచ్చింది. "నెల దినాల సంది మీరు చెప్పిందల్లా రాసుకుంట కూసున్న కదా!"

"నువ్వు అడిగినవ్, మేం చెప్పినం. నిజమనుకుంటవని మేం అనుకున్నమా బిడ్డా?"

యశోద వైకుంఠం వైపు తిరిగింది. "అన్నా, పొద్దుగాలే చెప్పొచ్చు గద!"

"నువ్వు నీళ్ళు ఉన్నయా అని అడిగినవ్. నీళ్ళు లేవనే చెప్పిన" అన్నాడు వైకుంఠం.

"ఎక్స్‌క్యూజ్ మీ" అని వినిపించింది వెనక నుంచి.

గుమ్మంలో చేతిలో ఫోన్, భుజాన బ్యాగుతో ఒక నలభై ఐదేళ్ళ ఆవిడ. పక్కన చెమట తుడుచుకుంటూ బాలనర్సింహ. విమలాదేవి అరగంట ముందే వచ్చేసింది.

"కార్లోనే మీ సైటు చూశాను" అందామె. "గీత మీద వేలు పెట్టాను. రెండు వందల ముప్పై లీటర్లు. ఇది నీళ్ళ లెక్కేనా?"

యశోద అబద్ధం వెతకలేదు. దిష్టి సంగతి ఉన్నదున్నట్టు చెప్పేసింది. విమలాదేవి కళ్ళు చికిలించి విన్నది. తర్వాత బకెట్ దగ్గరికి నడిచింది. కొంగు ఒక పక్కకు జారి ఉంది. నురుగు అంచు దాటి కారుతోంది.

"ఎన్ని లీటర్లమ్మా ఇవి?"

కొమురమ్మ ఆమెను కింది నుంచి పైదాకా చూసింది. కొత్త మనిషి. కళ్ళు పెద్దవి.

"పాలు ఏడియి మేడం" అంది. "మూడున్నర."

విమలాదేవి నవ్వు ఆపుకోలేకపోయింది. "మా చంటాడి బరువు ఎవరడిగినా మా అమ్మ కూడా రెండు కిలోలు తగ్గించే చెప్పేది" అంది. మరుక్షణంలో నవ్వు మాయమైంది. "నేను నమ్ముతాను. పాలు పరీక్ష చేయిస్తాను, అవి బాగుంటాయి. కానీ మా ఆఫీసులో పాలు ఎవరూ చూడరమ్మా. గ్రాఫ్ చూస్తారు. ఐదున్నరకు మీటింగ్. అప్పటికి ఈ రెండు గీతలూ ఒకదానికొకటి పొసగకపోతే మీ పేరు కొట్టేస్తారు."

"అంకెలు మారుద్దాం మేడం!" అన్నాడు బాలనర్సింహ. "మా కోడలు ఎంత చెప్తే అంత ఎగిరిస్తది."

"నేను ఎగిరియ్య!" అంది యశోద. "తప్పు అంకెలతోనే గిట్లయింది. ఇప్పుడు ఇంకో తప్పు పెట్టమంటవా?"

నిజం అంకెలు కావాలి. చెప్పడానికి గల్లీలో ఒక్క నోరూ తెరుచుకోదు. యశోద బకెట్ వైపు చూసింది. అత్త వైపు చూసింది.

నోరే తెరవక్కర్లేకపోతే?

దాణా బస్తా మీద ల్యాప్‌టాప్ పెట్టి కూర్చుంది. అరగంటసేపు వేళ్ళు అత్త చేతుల్లాగే ఆగకుండా కదిలాయి. అంకెలు అడిగే గళ్ళన్నీ తీసేసింది. వాటి చోట ఒక ఖాళీ బకెట్ బొమ్మ పెట్టింది. వేలు పెట్టి పైకి లాగితే అందులో పాలు పెరుగుతాయి, నిండితే పక్కన ఇంకో బకెట్ లేస్తుంది, లీటర్ల లెక్క లోపల కంప్యూటరే కట్టుకుంటుంది. అంకె కనపడదు. ఇంటి పేరు కనపడదు. చివరికి ఏమనుకుందో ఏమో, బొమ్మ మూలన ఒక నల్లటి చుక్క కూడా పెట్టింది.

ఫోన్ అత్త ముందు పట్టింది. "ఏం చెప్పకు. నిన్న రెండు పూటలవి. ఎందాక వచ్చినయో అందాక వేలు లాగు."

కొమురమ్మ బొమ్మను అనుమానంగా చూసింది. "ఎవలకు కనపడది గద?"

"గల్లీది మొత్తం కలిపి ఒక్క గీతనే."

"గా నల్లది ఏంది?"

"దిష్టి చుక్క."

ముసలమ్మ ముఖం విప్పారింది. "గిది ముందే పెట్టుంటే అయిపోవు గద!" అంటూ వేలు పెట్టింది. పాలు పైకి పాకాయి. సగం దగ్గర వేలు అలవాటుగా ఆగింది. కొమురమ్మ పక్కకు తిరిగి "థూ థూ థూ" అని, కళ్ళు మూసుకుని, అంచుదాకా తోసేసింది.

తర్వాత ఆ ఫోన్ పట్టుకుని గల్లీ తిరిగింది కొమురమ్మే. ప్రతి గుమ్మం దగ్గరా మొదట నల్ల చుక్క చూపించింది, ఆ తర్వాతే బకెట్. సత్తెమ్మ మొగుడికి వీపు తిప్పి మరీ లాగింది. ఐదుకు పది నిమిషాలు ఉందనగా నీలం గీత మెల్లగా లేచి, ఆకుపచ్చ గీతను దాటి నిలబడింది.

పిండినవి: 655. అమ్మినవి: 640.

"ఎగిరింది!" బాలనర్సింహ చప్పట్లు కొట్టాడు. "కార్వానోళ్ళది ఉత్తగ తిరుగుతది మేడం. మాది చూడుర్రి!"

"పదిహేను మిగిలాయి. ఇళ్ళలో టీలకు" అంది విమలాదేవి. "సరిపోయింది." పంపబోతూ అలవాటుగా సైటు మొదటి పేజీ కూడా చూసింది. తెర నిండా సుల్తాన్. ఆమె వేలు దాని పొట్టను తాకింది. టక్కున డబ్బా లేచింది.

విమలాదేవి మేత లెక్కను రెండుసార్లు చదివింది.

"మిగిలినవి పదిహేను. అందులో ఇరవై ఆరు ఇళ్ళు టీ తాగాయి. మరి ఈయన రోజూ ఇరవై లీటర్లు ఎక్కడివి తాగుతున్నాడు?"

అందరి కళ్ళూ బాలనర్సింహ మీదకు తిరిగాయి. యశోదకు ఆదివారం తాళ్ళు కనపడ్డాయి. బాలనర్సింహకు కార్వాన్ కనపడింది. మీసం ఒకసారి పైకి లేచి, కిందికి వాలింది.

"పాలు ఒక్క లీటరే మేడం" అన్నాడు నేల చూస్తూ.

"మిగిలిన పందొమ్మిది?"

"నల్లా నీళ్ళు."

వైకుంఠం తల పంకించాడు. "పొద్దున్నుంచి ఎతుకుతున్నవ్ గద బిడ్డా" అన్నాడు యశోదతో. "దొరికిండు."

సుల్తాన్ పొట్ట మీది అంకె మార్పించి, విమలాదేవి పేజీ ఆఫీసుకు పంపింది. ఆరున్నరకు ఫోన్ వచ్చింది. సోమవారం నుంచి మూడు క్యాంటీన్లకూ పాలు గౌలిపురవే. మీటింగులో అందరికీ బకెట్ బొమ్మ తెగ నచ్చిందట. మూలన ఉన్న నల్ల చుక్క ఏ కంపెనీ గుర్తు అని ఒకాయన అడిగాడట.

కొమురమ్మ దలాల్‌కు తనే ఫోన్ చేసింది. "ఆదివారం రాకు భాయ్. అమ్ముతలేం."

"ఏమైందమ్మా?" అవతల నుంచి గొంతు. "బర్రెలు మస్తు పాలిస్తున్నయా ఏంది?"

కొమురమ్మ నిండిన బకెట్ మీద కొంగు సర్దింది. మేడ మెట్ల మీద కూర్చున్న కోడలి వైపు ఒకసారి చూసింది.

"పాలు ఏడియి భాయ్" అంది. "మూడున్నర."