అద్దం చల్లారేదాకా

లియాఖత్ అలీ సిలికాన్ అద్దం మీద మెత్తటి గుడ్డను మరో ఇరవై సార్లు నడిపించి, చేతి తొడుగులు విప్పాడు. మూరెడు పొడవు, రెండు వేళ్ల వెడల్పు ఉన్న అద్దం. ఎక్స్‌రేలను మామూలు భూతద్దం ఒకచోటికి చేర్చలేదు. ఇలాంటి అద్దాన్ని ఒరుసుకుంటూ పోతేనే ఎక్స్‌రే లేజర్ కాంతి ఒక చుక్క మీదికి చేరుతుంది, ఏ పదార్థంలో ఏముందో బయటపెడుతుంది. అద్దానికి ఉండాల్సిన వంపు లెక్కలు రెండేళ్లు కూర్చుని కట్టింది ఇంజినీరు ఉమారాణి. వాటిని అద్దానికి ఎక్కించేవి లియాఖత్ వేళ్లు. వాటికి చదువు లేదు గానీ పొగరుంది.

నార్కట్‌పల్లి దగ్గరి ఈ వర్క్‌షాపుకు రాకముందు ఆయన ఇరవై ఏడేళ్లు నల్లగొండలో చష్మా అద్దాలు అరగదీశాడు. వంగిన వీపు, పొడి దగ్గు, పాలిష్ పొడికి రంగు మారిన గోళ్లు. ఏం పని చేస్తావని ఎవరైనా అడిగితే "అద్దాలు తోముత" అంటాడు. అంతకుమించి చెప్పడం ఆయనకూ రాదు.

మధ్యాహ్నం ఒంటిగంటకు కొలిస్తే అద్దం నడుమ చిన్న ఉబ్బు కనిపించింది. తెల్లవారితే అద్దం పంపించాలి. ఉమారాణి ముఖం వాడిపోయింది.

"చాచా, ఇంకో పదిసార్లు తోముదామా?"

"తోమితే గుంట పడ్తది బేటీ. తీసింది మల్ల పెట్టలేం. గా ఉబ్బు నా చేతి వేడి. నాలుగు దాటేదాక సల్లారనీ."

"మూడు గంటలు ఆగాల్నా? ఉబ్బు నిజమే అయితే?"

"అయితే రేపటిసంది నన్ను రానియ్యకు."

ఈ పనిలో చేరిన ఏడాది లియాఖత్, తన అరచేతి వేడికి ఉబ్బిన అద్దాన్ని అలాగే తోమి పాడుచేశాడు. ఆ రోజు ఎవరూ పల్లెత్తు మాట అనలేదు. అందుకే ఇప్పటికీ సిగ్గు.

పొద్దుటినుంచి ఎడమ భుజం లాగుతోంది. అద్దాలు తోమేవాడికి భుజం నొప్పి కూడా ఒక వార్తేనా? సగం చాయ్ తాగి, గది బయట స్టూలు మీద గోడకు ఆనుకున్నాడు.

నాలుగుంబావుకు ఉమారాణి మళ్లీ కొలిచింది. ఉబ్బు లేదు. ఆమె కోరిన వంపు కోరినట్టే వచ్చింది. పరుగున బయటికి వచ్చింది.

"చాచా, నువ్వు చెప్పిందే నిజం!"

లియాఖత్ కళ్లు మూసుకుని ఉన్నాడు. రెండోసారి పిలిచి భుజం తట్టింది. తల పక్కకు ఒరిగింది.

అంబులెన్సు తొందరగానే వచ్చింది. గుండె ఆగి గంట దాటిందని దవాఖానలో చెప్పారు. ఆ గంటసేపూ తను గోడకు ఇవతల గడియారం చూస్తూ కూర్చుంది. అది తలుచుకునే ఉమారాణి ఎక్కువ ఏడ్చింది.

మర్నాడు అద్దాన్ని పెట్టెలో సర్ది పంపించేశారు. ఖాళీ బల్ల మీద, ఆయన వంకర అక్షరాలతో రాసి అంటించిన చీటీ ఒకటి మిగిలింది: "నాలుగు దాటేదాక ముట్టద్దు."