తోరణం కట్టక ముందే

రాజారత్నం మజ్జిగ చెంబు కింద పెట్టి, మీసాలు తుడుచుకుని, డొంకతిరుగుడు లేకుండా చెప్పేశాడు.

"మీ ధనంజయను మాకియ్యి సుబ్బన్నా. ఈసారి జాతర ఆటకు మా పక్క ఆడనీ. మా రైలింజన్ల షెడ్డు దొర ఆట సూసేదానికి వస్తా ఉండాడు. పిల్లోడు ఆయన కంట్లో పడితే సాలు, లోకో షెడ్డులో పని గట్టి. సాయంత్రం బండికి పంపిస్తే నేను స్టేషన్లోనే ఉంటా."

సుబ్బన్నకు ఒళ్ళు మండింది. మండదా మరి! ఈ రాజారత్నం పాకాల రైల్వేలో ఫైర్మన్, అక్కడి చెడుగుడు జట్టుకు పెద్ద. రెండు మూడేళ్ళుగా ఏటేటా వాళ్ళు ఈ మొగిలిగుంట జాతరకు రావడం, ఆటలో మట్టి కరిచి పోవడం. ఎవడివల్ల? ధనంజయ వల్ల. సుబ్బన్న అక్క కొడుకు వాడు, ఇప్పుడిప్పుడే మీసం మొలుస్తోంది. కూతకు పోయాడంటే ఇద్దరు ముగ్గుర్ని తాకి కాని తిరిగి రాడు. ఊపిరి ఎట్లా బిగబట్టాలో, ఎవడి కళ్ళలోకి చూస్తూ ఎవడి కాలు తాకాలో అంతా నేర్పింది సుబ్బన్న. వాడికున్న ఒకే ఒక్క లోపం కూడా సుబ్బన్నకే తెలుసు. వెనక్కి తిరిగేటప్పుడు వాడి ఎడమ కాలు రవ్వంత ఆలస్యంగా లేస్తుంది. ఆ మాట సొంత జట్టుకు కూడా చెప్పకుండా కడుపులో దాచుకున్నాడు. అట్లాంటి పిల్లవాణ్ణి, గెలవడం చేతకాని వీళ్ళు ఎత్తుకుపోదామని వచ్చారు. ఎంత తెలివి!

గడపలో కూర్చుని శనక్కాయలు ఒలుస్తున్న వాడి తల్లి గంగులమ్మ తలెత్తలేదు. "నన్నడగొద్దప్పా. వాళ్ళ నాయన పోయినంక వాని మంచీ చెడ్డా సూసేది మా తమ్ముడే" అంది.

ధనంజయ గోడకు ఆనుకుని నిలబడి, "మామ ఎట్ల చెప్తే అట్ల" అన్నాడు.

ఆ మాటకు సుబ్బన్న పొంగిపోవాల్సింది. వాడి వైపు చూడకుండానే, "సాయంత్రం చెప్తాలే" అని రాజారత్నాన్ని సాగనంపాడు.

సాయంత్రం అనడంలో ఒక ఎత్తు ఉంది. ఆ రోజే గంగమ్మ జాతరకు చాటింపు. గుడి దగ్గర మొదలైన డప్పు వీధులన్నీ తిరిగి పడమటి పొలిమేర చేరుతుంది. అక్కడ దారికి అడ్డంగా వేపాకు తోరణం కడతారు. కట్టాక ఊళ్ళో ఉన్నవాడు జాతర ముగిసేదాకా బయట పండుకోకూడదు, బయట ఉన్నవాడు ఊళ్ళో పండుకోకూడదు. ఆటకూ అదే కట్టుబాటు. తోరణం పడే వేళకు ఎవడు ఏ పక్కనుంటే ఆ పక్క జట్టుకే ఆడాలి. అమ్మవారి ముందర తగవు వద్దని పెద్దలు పెట్టిన నియమం అది. డప్పు ఎత్తుకోమని మాట ఇచ్చేదీ, తోరణానికి చివరి ముడి వేసేదీ సుబ్బన్న ఇంటివాళ్ళే. ఎప్పుడూ దీపాలు పెట్టే వేళకు చాటింపు. బండి అంతకు ముందే వచ్చిపోతుంది.

సుబ్బన్న నేరుగా డప్పు కొట్టే చిన్నబ్బ దగ్గరికి పోయాడు.

"పొద్దు వాలతానే ఎత్తుకో."

"ఇంత పొద్దుండంగానేనా? ఎందుకప్పా?"

"వాన వచ్చేట్టుండాది."

చిన్నబ్బ ఆకాశం వైపు చూశాడు. మబ్బు తునక లేదు. సుబ్బన్న ముఖం వైపు చూశాడు. "సరే, మాట నీది. నాదేముండాది" అని డప్పు కాచడానికి చెత్త పోగు చేసుకున్నాడు.

ఇంకేముంది, పని అయిపోయింది. బండి వచ్చేలోపే తోరణం పడుతుంది, పిల్లవాడు ఊరు దాటడు, తాను వద్దన్నట్టూ ఉండదు. తిరిగి వస్తుంటే సుబ్బన్నకు నడక తేలిక కావాలి కదా! కుడి మోకాలు మాత్రం ఎప్పటిలాగే పోటు పెట్టింది. పెళ్ళయిన కొత్తలో, ఇదే జాతర ఆటలో, ఐదుగురు మీద పడితే విరిగిన మోకాలది.

అక్క ఇంటి గడప పక్కన చిన్న మూట కనిపించింది. ఒక పంచె, ఒక చొక్కా, అంతే.

"అప్పుడే మూట కట్టేసినావా అక్కా? నేనింకా ఏమీ చెప్పలేదే!"

"నువ్వు పొమ్మంటే వెతుక్కోకుండా ఉండాలని కట్టినా. వద్దంటే విప్పేస్తా, ఎంతసేపు?" గంగులమ్మ చేటను పక్కకు నెట్టింది. "ఒక మాట అడగతా సుబ్బన్నా. కోపం చేసుకోవద్దు. నీ మోకాలు ఇరిగిన నాడు ఊరంతా నిన్ను భుజాల మీద ఎత్తుకుని వచ్చింది. గ్యాపకం ఉండాదా?"

"ఎందుకుండదు!"

"ఆ మరుసటి వానకు నీ చేను దున్నేదానికి ఎవరొచ్చినారు?"

ఊళ్ళోవాళ్ళు ఒక్కరూ రాలేదు. ఆ ఏడు మేడి పట్టింది అక్కే. విత్తనాలు చల్లిందీ అక్కే. ధనంజయను చంకన కట్టుకుని చల్లింది.

"వాడు ఇంకా ఎన్నాళ్ళు ఎగరతాడు? కాళ్ళు బాగుండేదాకా. ఆమీట నా మాదిరి కూలికి పోతాడు. నువ్వు వద్దంటే నేను ఎదురు సెప్పను. అయితే ఆ మాట వాని మొగం సూసి సెప్పు."

అప్పుడే గుడి వైపునుంచి డప్పు పడింది.

సుబ్బన్న గుడి వైపు తిరిగాడు. అయ్యో, ఎంత పని చేశాను! తాను కొట్టించిన డప్పే తన నెత్తిన పడినట్టయింది. గబుక్కున మూట చంకలో పెట్టుకున్నాడు. "వాడు యాడుండాడు?" అని అరిచి, అక్క "ఆట బయల్లో" అనేలోపే కుంటుకుంటూ పరుగెత్తాడు.

ధనంజయ బయల్లో నడిమి గీత మీద కూర్చుని ఉన్నాడు. మామను చూసి లేవలేదు.

"లెయ్‌రా! పొలిమేరకు పోదాం, పద!"

"ఇంక యాడికి మామా? డప్పు పడింది కదా." వాడు గీత మీది మట్టిని వేలితో చెరుపుతున్నాడు. "పోనీలే. అమ్మవారికే ఇష్టం లేదు."

"నీకు ఇష్టముండిందా?"

మట్టిలో వాడి వేలు ఆగింది. "ఉండింది. నువ్వు బాధపడతావని సెప్పలేదు."

వీధిలో డప్పు మలుపు తిరిగింది. ఇప్పుడు సుబ్బన్న నోరు మూసుకుంటే చాలు, అంతా అమ్మవారి మీదికి పోతుంది. పిల్లవాడు జన్మలో తనను ఒక్క మాట అనడు. పాపిష్టి బతుకు, ఎంత సులువుగా దొరికింది దారి!

"అమ్మవారు కాదురా" అన్నాడు. "నేను. చిన్నబ్బ చేత ముందుగా కొట్టించినా. నువ్వు పోకూడదని."

ధనంజయ లేచి నిలబడ్డాడు. "నువ్వా మామా?"

"నేనే. తిట్టు, కొట్టు, అయితే నడుస్తా తిట్టు. తోరణం ఇంకా పడలేదు."

చేలకు అడ్డం పడి పోయారు. గట్లు ఎక్కీ దిగీ సుబ్బన్న మోకాలు నిప్పుల్లో పెట్టినట్టుంది. ధనంజయ ముందు నడుస్తున్నాడు, వెనక్కి చూడడు, చేయి ఇవ్వడు. అడగడానికి సుబ్బన్నకు ముఖం లేదు. డప్పు వాళ్ళకు సమానంగా వీధిలో వస్తోంది. ఒకసారి ముందు వినిపిస్తుంది, ఒకసారి వెనక.

పొలిమేర చేరేసరికి జనం అప్పటికే అక్కడ ఉన్నారు. తోరణం ఒక కొస కానుగ చెట్టుకు కట్టేశారు. రెండో కొస పట్టుకుని చిన్నబ్బ ఎదురు చూస్తున్నాడు. గంగులమ్మ కూడా ఆయాసపడుతూ వచ్చి నిలబడింది.

"సుబ్బన్నా, ముడి!" అన్నాడు చిన్నబ్బ.

సుబ్బన్న తాడు అందుకున్నాడు. కట్టలేదు. మూట ధనంజయ చేతిలో పెట్టాడు. "దాటు."

జనంలో గోల లేచింది. "ఏందప్పా ఇది! వాణ్ణి పంపిస్తే మన ఆట ఏం కావాల? అమ్మవారి కార్యం నిలపతావా?"

"ముడి నాది. నేను కట్టిందాకా తోరణం పడినట్టు కాదు. అడిగేవాడు జాతర అయినంక మా ఇంటికి రాండి, సమాధానం సెప్తా!" సుబ్బన్న అరిచిన అరుపుకు గోల అణిగింది. తాడు పైకి ఎత్తి పట్టుకున్నాడు. "దాటరా నాయనా, నా చెయ్యి నిలవదు."

ధనంజయ తల్లి పాదాలు తాకాడు. మామ వైపు చూడకుండా తాడు కింద వంగి అవతలికి పోయాడు. నాలుగడుగులు నడిచి ఆగాడు. వెనక్కి తిరిగినప్పుడు ఇంకా కోపంగానే ఉన్నాడు.

"నా ఎడమ కాలు సంగతి మనోళ్ళకు సెప్తావా?"

అంటే వాడికీ తెలుసన్నమాట! సుబ్బన్న ముడి బిగించాడు. "సెప్తా. ఈ పక్క జట్టుకు నేను పెద్దను. సెప్పకుండా ఎట్లుంటా?"

వాడు మామను తేరిపార చూశాడు. కోపం కొంచెం జారింది, పెదవి చివర నవ్వు వచ్చింది. "సెప్పుకో పో. అయినా దొరకను!" అని స్టేషను దారి పట్టాడు.

మర్నాడు పొద్దున్నే సుబ్బన్న జట్టును బయల్లోకి పిలిచాడు. అందరూ ముఖాలు మాడ్చుకుని వచ్చారు. ఆయన పంచె ఎగగట్టి గీతకు అవతల నిలబడ్డాడు.

"నేనే ధనంజయ. పట్టుకోండి సూస్తాం."

కూత ఎత్తుకుని, కుంటి కాలితోనే లోపలికి వచ్చి, వెనక్కి తిరుగుతూ ఎడమ కాలు రవ్వంత ఆలస్యం చేశాడు. ఇద్దరు ఆ కాలు పట్టి దబ్బున పడేశారు. సంబరంగా కేకలు పెట్టారు.

సుబ్బన్న మట్టిలో పడి ఉండగానే, కళ్ళు తుడుచుకుంటూ వాళ్ళ మీద కస్సుమన్నాడు.

"అంత సులువుగా దొరుకుతాడనుకున్నారా వాడు? లెయ్యండి. మళ్ళా!"