వరుస లేని మెమరీ

చిప్ తయారు కాకముందే దాని వేగాన్ని లెక్కగట్టే సిమ్యులేటర్‌ను ఆమే రాసింది. అందులో ఎన్ని వైపుల నుంచి ఒకేసారి అడిగినా మెమరీ అందరికీ ఒకే వేగంతో డేటా ఇచ్చేసేది. నిజమైన మెమరీ దగ్గర వరుసలో ఆగాల్సి వస్తుందని ఆమెకు తెలియక కాదు. ముందు పని నడవనీ, తర్వాత సరిచేద్దాంలే అనుకుంది. ఆ 'తర్వాత' అన్నది రానేలేదు.

ఆ లెక్కలు నమ్మి, ఆఫీసంతా బాబాయ్ అని పిలిచే పెద్ద డిజైనర్ మెమరీకి వెళ్లే రెండు దారుల్లో ఒకటి చాలనుకుని రెండోది తీసేశాడు. తయారై వచ్చిన చిప్ నత్తనడక నడిచింది. మీటింగులో అందరూ ఆయన మీద పడ్డారు. ఆమె నోరు మెదపలేదు. ఆయన రాజీనామా ఇచ్చేశాడు.

ఆ రాత్రి ఆమె ఆఫీసులోనే ఉండిపోయింది. సిమ్యులేటర్‌లో వరుసను చేర్చి నడిపితే, అదీ అచ్చం చిప్‌లాగే చతికిలబడింది. ఆమె తిన్నగా ఆయన దగ్గరికి వెళ్లింది. ఆయన సామాన్లు సర్దుకుంటున్నాడు.

"తప్పు నాది బాబాయ్."

"తెలుసమ్మా. మీటింగులో నీ మొహం చూశాగా."

"మరి మీరెందుకు చెప్పలేదు?"

"నువ్వే చెప్తావనుకున్నా."

ఆమె మేనేజర్ గదికి వెళ్లి జరిగినదంతా చెప్పింది. మేనేజర్ తెర మీద సిమ్యులేటర్ గీత, చిప్ గీత ఒకదాని మీద ఒకటి పడటం చూసి మురిసిపోయాడు.

"భలే! అచ్చుగుద్దినట్టు సరిపోయాయి. తర్వాతి చిప్‌కి ఇదే వాడదాం."

"మరి బాబాయ్?"

"ఇంకో చోట చేరిపోతున్నాడుగా, ఇప్పుడెందుకులే."

తన లెక్క సరిపోయినందుకు ఆమెకు మొదటిసారి ఏడుపొచ్చింది.