పౌడరు అద్దిన చేతులు

మేకప్ అమ్మాయి వజీహ్ వేళ్ల మీది నెరిసిన వెంట్రుకలు గీసేసి, చర్మంరంగు పౌడరు మూడోసారి అద్దింది. సీరియల్లో ముఖం కుర్రహీరోది, ఊద్ అనే తంత్రీవాద్యం వాయించే చేతులు వజీహ్‌వి. అరవై రెండేళ్ల చేతులు తెరమీద ఇరవై ఏళ్లవిగా కనబడాలి.

"నరాలు దాగట్లేదు బాబాయ్. పిన్ని అంట్లు కూడా మీచేతే తోమిస్తుందా ఏంటి?"

"అంట్లు కాదమ్మా, పెళ్లిళ్లు. అలెప్పోలో నలభై ఏళ్ల పెళ్లిళ్లు తోమాను."

నేర్చుకున్న బాణీ వాయించే ముందు నేర్పినవాడి పేరు పైకి చెప్పడం ఆ ఊరి వాద్యగాళ్ల మర్యాద. పెళ్లిభోజనాల గోలలో ఎవరూ వినకపోయినా వజీహ్ చెప్పేవాడు. ఈ ఉదయం కెమెరా ముందు వాయించిన బాణీకి మాత్రం చెప్పలేదు. కథలో ఆ బాణీ హీరో తను ప్రేమించిన పిల్ల కోసం సొంతంగా కట్టిందట. నిజానికి కట్టింది, వజీహ్‌కి నేర్పింది ఉస్తాద్ అబూ సుభీ. రెండేళ్లుగా మంచం మీద ఉన్నాడు.

మధ్యాహ్నం విరామంలో వజీహ్ పప్పుసూపు గిన్నె పట్టుకుని ఆయన ఇంటికి వెళ్లాడు.

"షూటింగులో వాయించే ముందు నా పేరు చెప్పావురా?"

"చెప్పాను ఉస్తాద్."

"గట్టిగా చెప్పావా? నువ్వసలే గొణుగుతావు."

"గట్టిగానే చెప్పాను."

ముసలాయన ఆ రోజు రెండు చెంచాలు ఎక్కువ తాగాడు. వజీహ్ గిన్నె మీంచి చూపు ఎత్తలేదు.

తిరిగి వెళ్లి దర్శకుడి దగ్గర నిలబడ్డాడు. "ఒక్క మాటండీ. వాయించే ముందు అబ్బాయి ఉస్తాద్ పేరు చెబితే..."

"పాట వాడే కట్టాడు కదా బాబాయ్. మధ్యలో ఉస్తాద్ ఎక్కణ్ణుంచి ఊడిపడతాడు?"

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. వజీహ్ కూడా నవ్వాడు. నవ్వుతూనే పౌడరుకి చేతులు చాపాడు.

పొద్దు వాలే వేళకి అతను వచ్చేసరికి ఉస్తాద్ ఇంటిముందు సందులో కుర్చీలు వేస్తున్నారు. కూతురు నజాహ్ గుమ్మంలో ఉంది.

"ఇందాకే పోయారన్నయ్యా. చూడవచ్చిన ప్రతివాళ్లకీ ఒకటే మాట, టీవీలో నా పేరు వస్తుంది, వినండి అని." ఆయన జీవితమంతా ఊద్ మీటిన డేగ ఈక అతని చేతిలో పెట్టింది. "నీకే ఇమ్మన్నారు."

అందరి ముందూ వజీహ్ దాన్ని పుచ్చుకున్నాడు. నజాహ్ లోపలికి వెళ్లాక, కిటికీ గట్టు మీద సూపు గిన్నె పక్కన మెల్లగా పెట్టేసి చెప్పులు వేసుకున్నాడు. నల్లటి ఆ ఈక మీద రెండు వేళ్ల మేర చర్మంరంగు పౌడరు అంటుకుని ఉంది.