యాభై నాలుగు మైళ్లు

గాలి.

పొద్దున్నే గాలి. పత్తి చేల మీదుగా ఎర్రమట్టిని మోసుకొచ్చి, కిటికీ సందుల్లోంచి లోపలికి తోసి, బల్లల మీద పరిచి వెళుతుంది. చాముండేశ్వరి ప్రతి ఉదయం అరచేత్తో తుడుస్తుంది. మొదటి పీరియడ్ అయ్యేసరికి మళ్లీ పరుచుకుంటుంది.

టెక్సస్ ఉత్తరపు కొసన డ్రై ఫోర్క్ అనే ఊరు. మూడు వందల మంది. ఒక చర్చి. ఒక గ్యాస్ స్టేషన్. ఒక బడి.

బడి ఒకప్పుడు పత్తి జిన్నింగ్ మిల్లు. వాన పడితే ఆ గోడలు ఇప్పటికీ గింజల వాసన వేస్తాయి.

రాజమండ్రిలో తొమ్మిదేళ్లు లెక్కలు చెప్పిన మనిషి ఆమె. పెళ్లయి అదే టెక్సస్‌లోని ప్లేనో నగరానికి వచ్చాక నాలుగేళ్లు ఏ బడీ పిలవలేదు. ఈ ఊరివాళ్లు మాత్రం ఫోన్లో మాట్లాడి, ఎప్పుడొస్తావని అడిగారు.

వచ్చింది. భర్త ఉదయ్, పదేళ్ల కూతురు నిధి ప్లేనోలోనే ఉండిపోయారు. శుక్రవారం సాయంత్రం ఆరు గంటలు కారు నడుపుకుంటూ వెళుతుంది. ఆదివారం ఆరు గంటలు వెనక్కి.

అక్కడుంటే మనసు ఇక్కడ. ఇక్కడుంటే అక్కడ.

"వన్ ఇయర్ అన్నావ్," అన్నాడు ఉదయ్ పోయిన ఆదివారం, కారు డోరు పట్టుకుని. "థర్డ్ ఇయర్ అయిపోతోంది చామూ. జూన్‌కి వచ్చేయ్. ఎప్పుడొస్తావని నిధి అడగడం మానేసింది, నోటీస్ చేశావా?"

చేసింది. అది తలుచుకుంటూనే ఆరు గంటలూ నడిపింది.

ఇది చార్టర్ స్కూల్. ఖర్చు రాష్ట్రానిది, నడిపేది ఊరివాళ్లు. కొన్నేళ్లకోసారి పైనుంచి మనుషులొచ్చి చూసి — ఉండాలో, మూసేయాలో తేలుస్తారు. ఈ వసంతంలో గడువు. పిల్లలు అరవై ఒక్కరే. ఇంత చిన్న బడి ఎందుకు అన్నదే ప్రశ్న.

జవాబుగా బడి చరిత్ర రాసి చదవమని ప్రిన్సిపల్ ఆమెకే అప్పజెప్పాడు.

ఇల్లిల్లూ తిరిగింది. అందరూ ఒక్క కథే చెప్పారు.

ఇరవై ఏళ్ల కిందట ఊళ్లో ఉన్న పాత బడి మూసేశారు. పిల్లల్ని యాభై నాలుగు మైళ్ల దూరంలోని పెద్ద బడికి బస్సులో పంపేవాళ్లు. పోనూ రానూ రోజూ. ఒక జనవరిలో మంచు తుపాను. బస్సు దారి తప్పి కాలవలోకి ఒరిగింది. పదకొండు మంది పిల్లలు, డ్రైవర్ లొరెట్టా — ఏడు గంటలు. ఏడేళ్ల డార్లాకి చలికి రెండు వేళ్లు పోయాయి. మర్నాడు లొరెట్టా ఇల్లిల్లూ తలుపు తట్టింది. ఇక మన పిల్లలు ఆ దారిన వెళ్లరు, అంది.

అలా మిల్లు బడి అయింది.

బడి వచ్చాక ఊరు మళ్లీ ఊరయింది. ఎవరైనా పోతే భోజనాలు ఇక్కడే. ఓట్లు ఇక్కడే. బుధవారం నర్సు వచ్చి ముసలివాళ్ల బీపీ చూసేది లైబ్రరీలోనే. పోయినేడు గడ్డిభూములు తగలబడినప్పుడు నాలుగు రోజులు ఊరంతా క్లాసుల్లోనే పడుకుంది. చాముండేశ్వరి బల్ల కింద ఎవరిదో మేకపిల్ల.

డార్లా ఇప్పుడు చిన్నపిల్లల టీచరు. అంకెలు నేర్పుతుంటే తన వేళ్లు ఎనిమిది దగ్గర ఆగిపోతాయి. మిగతా రెండూ పిల్లలే చాపుతారు.

రాయడం అయిపోయింది. ఒక్క లొరెట్టాకి చదివి వినిపిస్తే చాలు. డెబ్భై నాలుగేళ్లు. ఇంకా ఆమే బస్సు నడుపుతుంది.

మధ్యాహ్నం, ఖాళీ బస్సులో, చాముండేశ్వరి ముందు సీట్లో కూర్చుని చదివింది. లొరెట్టా స్టీరింగ్ మీంచి చేతులు తీయకుండా వింది.

బయట గాలి బస్సును ఊపుతోంది...

"దారి తప్పలేదు," అంది చివరికి. "రోడ్డు మూసేశారని బస్సు రేడియోలో రెండుసార్లు చెప్పారు. పిల్లల్ని ఆ పెద్ద బడిలోనే ఉంచమన్నారు. నేనే వినలేదు. ఇంట్లో మా ఆయన మంచం పట్టి ఒక్కడే ఉన్నాడు. ఎలాగైనా ఇంటికి చేరాలనుకున్నాను."

ఇన్నేళ్లుగా ఎవరికీ చెప్పలేదట. ఎందుకు చెబుతున్నావని చాముండేశ్వరి అడగలేదు. లొరెట్టాయే అంది — "రాసేదానివి నువ్వు కదా."

ఆ వారం చాముండేశ్వరికి కాలు నిలవలేదు. బోర్డు మీద లెక్క సగంలో వదిలేసి కిటికీ దగ్గరికి నడిచేది. రాస్తే — దూరమే నేరం చేసిందన్న కథ కూలిపోతుంది. కథ కూలితే బడి? రాయకపోతే — ఆ ముసలామె మోస్తున్నది తనూ మోయాలి.

ఇంకొకటి కూడా ఉంది. పోయిన డిసెంబర్‌లో రోడ్ల మీద ఐసు ఉంది, బయల్దేరొద్దు అని రేడియో చెబుతుంటే, తను రేడియో కట్టేసి ప్లేనో వైపు నడిపింది.

తనకేమీ కాలేదు. అంతే తేడా.

బుధవారం మధ్యాహ్నం ముగ్గురు అధికారులు వచ్చారు. ఒకప్పుడు పత్తి బేళ్లు పేర్చిన పాత షెడ్డులో — ఇప్పుడదే జిమ్ — ఊరంతా మడత కుర్చీల్లో. చాముండేశ్వరి లేచింది. చేతిలోని కాగితాలు విప్పింది.

మొదట వెనక వరసలో ఉన్న లొరెట్టా వైపు చూసింది. ఆమె తల ఊపింది.

చదివింది. రేడియో సంగతి కూడా. రెండుసార్లు చెప్పారు. ఆమె వినలేదు.



అధికారుల్లో పెద్దాయన కళ్లద్దాలు తీశాడు. అయితే తప్పు దూరానిది కాదన్నమాట, డ్రైవర్‌ది, అన్నాడు నెమ్మదిగా.

డార్లా లేచింది.

"నేను ముందు సీట్లో ఉన్నాను సార్," అంది. "రేడియో నాకూ వినిపించింది. ఇంటికి తీసుకెళ్లు మిస్ లొరెట్టా అని ఏడ్చింది నేనే. మా అమ్మ యాభై నాలుగు మైళ్ల దూరంలో ఉంది. నాకు ఏడేళ్లు."

కూర్చుంది.

లొరెట్టా రెండు చేతుల్లో ముఖం దాచుకుంది. పక్కనున్నావిడ ఆమె వీపు మీద చెయ్యి వేసింది. కొందరు మాత్రం లేచి, ఆమె వైపు చూడకుండా బయటికి నడిచారు. ఆ రోజు ఆ బస్సులో తమ పిల్లలున్నవాళ్లు.

ఆరు వారాల్లో ఉత్తరం వస్తుందని చెప్పి అధికారులు వెళ్లిపోయారు. నవ్వలేదు. కోప్పడలేదు. వాళ్ల కారు లేపిన దుమ్ము చాలాసేపు అణగలేదు.

మంచి పని చేశానా... చాముండేశ్వరికి తెలియలేదు. ఎవరూ చెప్పలేదు.

గోడ చాటుకి వెళ్లి ఇంటికి ఫోన్ చేసింది. ఉత్తరం వచ్చేదాకా జూన్ సంగతి తేల్చలేనంది. ఉదయ్, "ఐ కాంట్ టెల్ హర్. నువ్వే చెప్పు," అని నిధికి ఫోన్ ఇచ్చాడు.

"మమ్మీ?" నిధి గొంతు. "అక్కడ చాలా లౌడ్‌గా ఉంది. వాట్ ఈజ్ దట్? గాలా?"

అప్పుడే బడి వదిలారు. అరవై ఒక్క మంది ఒక్కసారిగా మెట్లు దిగి, అరుచుకుంటూ, ఆమెకు రెండు వైపుల నుంచీ పరుగెత్తుతున్నారు.

"కాదు బంగారం," అంది. "పిల్లలు."

అవతల నిధి ఏమీ అనలేదు.

ఇవతల చేల మీంచి ఎర్రగా, మెల్లగా లేస్తూ — గాలి.